రోమ్‌లో కాపురం: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల పత్రికలో, మా ఆయన ఉద్యోగం పుణ్యమా అని ఏడాది పైన రోమ్‌లో కాపురం ఉండి నెల్లూరొచ్చేశామని నాలుగు ముక్కలు రాశా, అంతే, ఇక ప్రశ్నలే ప్రశ్నలు. కొంతమంది ఉత్తరం రాశారు, ఎక్కువమంది వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టారు, ఒకాయనైతే ఫోన్ చేసి చానాసేపు అడిగి ఆఖర్న "ఇవన్నీ పత్రికలోనే రాసేయండి మేడం" అన్నాడు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశా. పేర్లు వేయొద్దని కొందరన్నారు కాబట్టి ఎవరి పేరూ వేయలా, ఊరు మాత్రం వేశా.

కావలి నుంచి ఒక గృహిణి: అక్కా, సినిమాల్లో చూపించే కొలోసియం అదీ పక్కన పెట్టు. అక్కడ కాపురం ఉన్నోళ్ళకి ముందు కంట్లో పడేది ఏంది?

నీళ్ళు తల్లీ. వీధి మొగదల్లో నడుమెత్తున ఒక ఇనప స్తంభం ఉంటాది, దానికి వంకర ముక్కొకటి, ఆ ముక్కులోంచి రాత్రనకా పగలనకా నీళ్ళు పోతానే ఉంటాయి, కట్టేయడానికి ట్యాప్ ఉండదు. నసోనె అంటారు వాటిని. ఎండాకాలం ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టి పెరిగినదాన్ని కదా, కొత్తలో దాని పక్కన నడుస్తా ఉంటే ప్రాణం ఉసూరుమనేది, ఎవరైనా కట్టేస్తే బాగుండు అనిపించేది. 1874లో పెట్టడం మొదలుపెట్టారంట, ఇప్పుడు ఊరు మొత్తం మీద 2500 దాకా ఉన్నాయి. పైపుల్లో నీళ్ళు నిలవుండి పాడు కాకుండా అట్టా వదిలేస్తారని చెప్తారు. తాగే పద్ధతి ఒకటుంది: ముక్కు చివర వేలు పెట్టి మూస్తే, ముక్కు పైన ఉండే చిన్న చిల్లులోంచి నీళ్ళు పైకి చిమ్ముతాయి, నడుం వంచకుండా తాగేయొచ్చు. ఈ సంగతి తెలీని టూరిస్టులు గొంతుక్కూర్చుని దోసిళ్ళు పట్టి బట్టలన్నీ తడుపుకుంటా ఉంటారు, పక్కనే షాపులో నీళ్ళ బాటిల్ కొనేవాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళని చూస్తే జాలేస్తాది.

ట్రెవి ఫౌంటెన్ అని ఫోటోల్లో చూస్తారే, దాంట్లోకి నీళ్ళొచ్చే కాలవ క్రీస్తు పూర్వం 19లో అగ్రిప్పా అనే ఆయన వేయించింది. ఎక్కువ భాగం భూమి లోపల్నించి పోతాది కాబట్టి మిగతావాటికన్నా బాగా నిలిచింది, రిపేర్లు చేసుకుంటా ఇప్పటికీ నడుపుతా ఉన్నారు. నాకు ఆ ఊళ్ళో బో నచ్చింది ఇదే. పాతదాన్ని తాళం వేసి బోర్డు పెట్టి వదిలేయకుండా వాడుకుంటా ఉంటారు. మార్సెల్లస్ థియేటర్ అని అగస్టస్ చక్రవర్తి కాలం నాటిది ఉంది, కింద రాతి కమానులు, పై అంతస్తుల్లో జనం కాపురాలు, కిటికీల్లో పూలకుండీలు. పాంథియన్ అనే పాత రోమన్ గుడి 609లో చర్చి అయింది, ఇప్పటికీ చర్చే. దాని గుమ్మటం మధ్యలో దాదాపు 9 మీటర్ల వెడల్పు కంత ఉంది, అద్దం లేదు, మూత లేదు. వాన పడే రోజు కావాలని పోయా చూడ్డానికి. నీళ్ళు నేరుగా లోపల నేల మీద పడతా ఉండాయి, ఆ పడే చోటు చుట్టూ తాడు కట్టారు, పాలరాతి నేలలో చిన్న చిన్న చిల్లులు పెట్టి ఉన్నాయి, వాటిల్లోంచి నీళ్ళు కిందికి ఇంకిపోతా ఉండాయి. నేల కూడా మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా ఉంటాది, నీళ్ళు పక్కలకి జారేటట్టు. మా ఇంటి మేడ మీద మొన్న వేసిన స్లాబు మీద నీళ్ళు నిలబడి పాచి పడతా ఉంది, ఆ మేస్త్రీని ఒకసారి అక్కడికి తీసకపోవాలనుంది.

ఇంకోటి, ఆ నీళ్ళలో సున్నం ఎక్కువ. ఎలక్ట్రిక్ కెటిల్ అడుగున తెల్లగా పొర కడతాది, వెనిగర్ పోసి కాస్తే పోతాది.

ఒంగోలు నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి: అడగడానికి మొహమాటంగా ఉంది గానీ అమ్మా, బాత్రూంలో నీళ్ళుంటాయా, లేక కాగితమేనా?

మొహమాటం ఎందుకు సార్, ఇదే ప్రశ్న పదిమందైనా అడిగారు. ఇటలీలో దిగులు పడబాకండి. ప్రతి ఇంట్లో కనీసం ఒక బాత్రూంలో బిడే ఉండి తీరాలని 1975లో రూలే పెట్టారు. టాయిలెట్ పక్కనే, అదే ఎత్తున, ట్యాప్ ఉన్న పింగాణీ తొట్టి. లండన్‌లో ఉన్న మా చెల్లెలు మా ఇంటికొచ్చి ముందు దాన్నే మెచ్చుకుంది.

కోవూరు నుంచి ఒక పాఠకురాలు: చేపల పులుసు పెట్టుకోవడానికి కుదిరిందా వదినా? మా ఇంట్లో సగం మంది శాకాహారులు, వాళ్ళక్కడ బతకొచ్చా?

పులుసు లేకుండా ఏడాది ఉంటానా! తెర్మిని రైల్వే స్టేషన్ దగ్గర ఎస్క్విలినో మార్కెట్ అని ఉంది, ఒకప్పుడు పియాజ్జా విట్టోరియో చౌకులో ఆరుబయట ఉండేదంట, 2001లో పాత మిలటరీ బ్యారక్స్‌లోకి మార్చారు. లోపలికి అడుగు పెడితే బెండకాయ, కాకరకాయ, పచ్చిమిరపకాయలు, కొత్తిమీర, అన్నీ ఉంటాయి. కొట్లు నడిపేవాళ్ళలో బంగ్లాదేశ్ వాళ్ళు బో ఎక్కువ, హిందీ ముక్క వస్తే చాలు బేరం నడుస్తాది. చుట్టుపక్కల వీధుల్లో సరుకుల షాపులు, వాటిల్లో చింతపండు, మినప్పప్పు, కరివేపాకు. కరివేపాకు మాత్రం చిన్న ప్యాకెట్టు, రేటు చూస్తే కళ్ళు తిరుగుతాయి, పెరట్లో చెట్టున్నోళ్ళు వినకపోవడమే మంచిది.

చేపలు ఆ మార్కెట్లోనే ఒక వైపు. కొర్రమేను అడగబాకండి, దొరకదు. నెత్తళ్ళు మాత్రం కుప్పలు పోసి ఉంటాయి, అక్కడ అలీచి అంటారు, ఉన్నవాట్లో చవకైన చేప అదే. వాళ్ళు నడిముల్లు తీసి పిండిలో ముంచి వేయిస్తారు, లేదంటే నిమ్మరసంలో నానేసి పచ్చిగానే తినేస్తారు. నేను పచ్చి మామిడికాయ దొరికినప్పుడు మామిడి ముక్కలేసి, లేనప్పుడు ఉత్త చింతపండుతో పులుసు పెట్టేదాన్ని, మర్నాడు తింటే ఇంకా బాగుండేది. మా పై ఇంటి పెద్దావిడకి గిన్నెలో పంపిస్తే "కారం" అని చేత్తో నోటికి విసురుకుంది గానీ గిన్నె మాత్రం కడిగి ఇచ్చింది, దాంట్లో రెండు ఆర్టిచోకులు (పెద్ద పూమొగ్గ లాంటి కూరగాయ) పెట్టి. వాటినెట్టా వండాలో తెలీక మళ్ళీ ఆమె దగ్గరికే పోయా. పైన గట్టి రేకలు సగం దాకా ఒలిచి పారేయడం, తొడిమ చెక్కు తీయడం, నల్లబడకుండా నిమ్మకాయ నీళ్ళలో వేయడం, పుదీన లాంటి ఒక ఆకూ వెల్లుల్లీ లోపల కూరి తలకిందులుగా నూనె నీళ్ళలో మగ్గించడం... ఇదంతా ఆమె వంటింట్లో నిలబడి చూసి నేర్చుకున్నా. రెండు కాయలకి గిన్నెడు చెత్త.

శాకాహారుల సంగతికొస్తే, బతకడం తేలికే, జాగ్రత్తగా ఉండటమే కష్టం. గుమ్మడిపువ్వు బజ్జీ అని సంబరపడి కొంటారు, లోపల చీజ్‌తో పాటు నెత్తల్లి ముక్క కూడా ఉంటాది. చలికాలంలో పుంతరెల్లె అని ఒక ఆకు సలాడ్ వస్తాది, చూడ్డానికి ఉత్త ఆకే, పైన పోసిన సాస్‌లో మళ్ళీ నెత్తళ్ళు. సుప్లీ అని అన్నం ముద్దని వేయిస్తారు, లోపల సాగే చీజ్, దాంట్లో మాంసం వేసేవాళ్ళూ ఉన్నారు, వేయనివాళ్ళూ ఉన్నారు, అడిగి తినాలి. అసలు సంగతి చీజ్. పర్మేసాన్, పెకోరినో రెండిట్లోనూ పాలు విరగ్గొట్టడానికి దూడ కడుపులోంచో గొర్రెపిల్ల కడుపులోంచో తీసిన పదార్థం వాడతారు. ఇది విని పట్టింపు ఉన్నోళ్ళు ఎట్టా చేసుకుంటారో వాళ్ళిష్టం. ముక్కలుగా కోసి తూకం వేసి అమ్మే పిజ్జాలో ఉత్త టమాటా సాస్ వేసింది, ఉత్త బంగాళాదుంప వేసింది దొరుకుతాయి, అవి నిశ్చింతగా తినొచ్చు.

వంటింట్లో ఇంకో గొడవ కరెంటు. ఇళ్ళకి మామూలుగా ఇచ్చే కనెక్షన్ 3 కిలోవాట్లు. వాషింగ్ మెషీన్ తిరుగుతా ఉంటే ఓవెన్ వేశామా, ఠప్పున ఇల్లంతా చీకటి. పక్కింటోళ్ళకి కరెంటుంటాది, మనకే ఉండదు. మీటరు కింద సెల్లార్లో ఉంటే మెట్లు దిగి పోయి స్విచ్ ఎత్తి రావాలి. అందుకని అక్కడి ఆడోళ్ళు మనసులోనే లెక్క వేసుకుంటారు, ఇది ఆపి అది వేయడం. మా ఆయన ఇస్త్రీ పెట్టె పెట్టిన ప్రతిసారీ నేను గ్రైండర్ ఆపాలేమోనని వంటింట్లోంచి కేక, గ్రైండర్‌కి ఎంత కరెంటు పట్టిందిలే, భయం అట్టాంటిది.

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: మేడం, మన నెల్లూరు దగ్గర రోమన్ బంగారు నాణేలు దొరికాయని మా లెక్చరర్ చెప్పారు. నిజమేనా? మీరు అక్కడ దానికి సంబంధించింది ఏమైనా చూశారా?

నిజమే నాయనా, ఇంత మంచి ప్రశ్న ఇంకెవరూ అడగలా. 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు మడక దున్నతా ఉంటే ఇటుకలు అడ్డం తగిలాయి. తవ్వితే చిన్న గుడి ఆనవాళ్ళు, దాని కింద ఒక బుడ్డి కుండ, కుండలో రెండో శతాబ్దం నాటి రోమ్ నాణేలు. ఆ రైతు పాపం పాత బంగారం కింద అమ్మేసుకున్నాడు, చానా వరకూ కరిగించేసి ఉంటారు. నవాబు అమీర్ ఉల్ ఉమ్రా 30 పైన వెనక్కి రాబట్టాడు. ఇదంతా అప్పట్లో మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్ 1787లో ఒక ఉత్తరంలో రాశాడు, కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వాళ్ళు దాన్ని అచ్చేశారు. అన్నిట్లోంచి రెండు ఏరుకోమంటే ఆయన ఒక హేడ్రియన్ చక్రవర్తిదీ ఒక ఫాస్టీనా రాణిదీ తీసుకున్నాడంట, ట్రాజన్ బొమ్మ ఉన్నవి కూడా బాగానే ఉన్నాయంట. కొన్ని నిన్ననే ముద్ర కొట్టినంత కొత్తగా ఉన్నాయి, కొన్ని అరిగిపోయి చిల్లులు పడి ఉన్నాయి, ఆ చిల్లులవి చేతికో మెళ్ళోనో వేసుకుని ఉంటారు అని రాశాడాయన. అంటే మన ఆడోళ్ళు ట్రాజన్ మొహాన్ని కాసులపేరులోకి ఎక్కించేశారన్నమాట, ఆ చక్రవర్తికి కబురు తెలిస్తే ఏమనేవాడో.

ఇది చదివి ఉన్నా కాబట్టి రోమ్ పోయాక ఆ ముగ్గురినీ వెతుక్కుంటా తిరిగా. వెతకాల్సిన పని కూడా లేదు, ముగ్గురూ ఒక పూటలో నడిచే దూరంలోనే ఉన్నారు. ట్రాజన్ స్తంభం 113 నాటిది, ఆయన చేసిన యుద్ధాలన్నీ కింద నుంచి పైదాకా చుట్టలు చుట్టి చెక్కారు, మెడ నొప్పి పుట్టేదాకా చూడొచ్చు, పై చివర మటుకు 1587లో సెయింట్ పీటర్ విగ్రహం పెట్టేశారు. హేడ్రియన్ ఇప్పుడున్న పాంథియన్ కట్టించినాయన, వాన పడే గుమ్మటం అన్నానే, అదే. ఆయన సమాధి నది ఒడ్డున కోట అయి కూర్చుంది. ఇక ఫాస్టీనా. ఆ పేరుతో తల్లీ కూతుళ్ళు ఇద్దరు రాణులున్నారు, డేవిడ్సన్ ఏ ఫాస్టీనానో రాయలా. తల్లి ఫాస్టీనా పోయాక మొగుడు ఆంటోనినస్ చక్రవర్తి 141లో గుడి కట్టించాడు, ఫోరం అనే పాత రోమన్ చౌకులో ఆ గుడి స్తంభాలు ఇంకా ఉన్నాయి, వాటి వెనకాల చర్చి. ఆ చర్చి తలుపు చూడాలి నువ్వు, మనిషికి అందనంత ఎత్తున గాల్లో ఉంటాది. ఆ చర్చి నాటికి మట్టి అంత మేర పూడిపోయి ఉంది, తర్వాత తవ్వి మట్టి తీసేస్తే తలుపు పైన మిగిలిపోయింది.

అక్కడికి దగ్గర్లోనే మిరియాల గోడౌన్లు కూడా ఉండేవి, డొమిషియన్ అనే చక్రవర్తి కట్టించినవి. మన దేశం మిరియాలు, బట్టలు, ముత్యాలు పంపిస్తే వాళ్ళు బంగారం వెండీ పంపించేవాళ్ళు. ఇండియా ఏటా 5 కోట్ల సెస్టెర్సులు (అప్పటి రోమ్ నాణేలు) లాగేస్తా ఉందని ప్లినీ అనే పెద్దమనిషి అప్పట్లోనే ఏడ్చాడు. దాంట్లో కాస్త మన కుండలోకి వచ్చిందనుకో.

మార్కాపురం నుంచి ఒక టీచర్: ఊరి కింద ఇంకో ఊరు ఉంటుందని విన్నాం, మామూలు మనుషులకి చూపిస్తారా?

చూపిస్తారు టీచర్ గారూ. సాన్ క్లెమెంతె అనే చర్చికి పోండి, కొలోసియానికి దగ్గర. పైనున్నది 12వ శతాబ్దం చర్చి. టికెట్టు తీసుకుని మెట్లు దిగితే 4వ శతాబ్దం చర్చి, గోడల మీద పాత బొమ్మలు. ఇంకా దిగితే రోమన్ల కాలం ఇళ్ళ గదులు, ఇటుక సందులు, మిత్రా అనే దేవుడి పూజ గది. అక్కడ చల్లగా, కాస్త మురుగ్గా ఉంటాది, గోడ అవతల నీళ్ళు పారే చప్పుడు బాగా వినిపిస్తాది. 1857లో అక్కడుండే జోసెఫ్ ముల్లూలీ అనే ఐర్లండ్ ఫాదర్ తవ్వించడం మొదలుపెట్టాడు. మోకాళ్ళ నొప్పులోళ్ళు ఆ మెట్లు చూసుకుని దిగండి.

దీనివల్ల జనానికి చిక్కు కూడా ఉంది. యాడ తవ్వినా ఏదో ఒకటి బయటపడతాది కాబట్టి మెట్రో మూడో లైను ఏళ్ళ తరబడి సాగింది. 2016లో ఒక స్టేషన్ కోసం తవ్వితే హేడ్రియన్ కాలం నాటి సైనికుల బ్యారక్స్ బయటపడ్డాయి. సాన్ జోవాన్ని స్టేషన్లో దొరికిన వస్తువుల్ని అక్కడే అద్దాల్లో పెట్టారు, రైలుకి పోతా పోతా చూసుకోవచ్చు. రోజూ ఆఫీసుకి పోయేవాళ్ళు వాటికేసి తలెత్తి కూడా చూడరు.

చీమకుర్తి నుంచి ఒక పాఠకుడు: అక్కా, మా రాయి ఇటలీ పోతుందని చిన్నప్పట్నుంచి వింటున్నాం. కనపడిందా?

కనపడింది అబ్బాయ్. మా వీధి చివర బార్‌లో (అక్కడ బార్ అంటే కాఫీ కొట్టు, మందు కోసమని పొరబడబాకండి) కౌంటర్ మీద నల్లరాయి, లైటు పడితే బంగారు చుక్కలు. బ్లాక్ గెలాక్సీ కాక ఇంకేంది! అది మా పక్క జిల్లా రాయి అని నాకొచ్చిన ఇటాలియన్‌లో చెప్తే ఆయన నమ్మలా, ఇటలీ రాయే అన్నాడు. ఫోన్లో చీమకుర్తి క్వారీ ఫోటోలు చూపించాక "అయితే ఈ కాఫీ నా లెక్క" అన్నాడు. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం మెరుపు అని మీ క్వారీ వాళ్ళకి నేను చెప్పాల్సిన పనిలేదు.

రాయి పని మీద ప్రాణం ఉన్నోళ్ళకి రోమ్‌లో రోడ్లు కూడా బాగుంటాయి. సంపియెత్రీని అని పిడికిలంత నల్లరాతి దిమ్మెలు, ఇసక పరిచి ఒక్కోటీ చేత్తో సర్ది సుత్తితో కొట్టి దించుతారు. పైప్‌లైన్ రిపేరొస్తే తీసి మళ్ళీ అవే పేరుస్తారు. చూడ్డానికి అందం, వాన పడితే జారుడు, హీల్స్ వేసుకున్నోళ్ళకి నరకం. కొలోసియం రాయి టివోలి అనే ఊరి దగ్గర దొరికే ట్రావర్టైన్ అనే సున్నపురాయి, ఆ వైపు క్వారీలు ఈ రోజుకీ నడుస్తా ఉండాయి.

నెల్లూరు పొదలకూరు రోడ్డు నుంచి ఒక పాఠకురాలు: మన స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకున్నట్టు అక్కడ ఫౌంటెన్‌లో నాణెం వేసి కోరిక కోరుకుంటారంటగా?

కోరిక అంటే, మళ్ళీ రోమ్‌కి రావాలని. ట్రెవికి వీపు పెట్టి నిలబడి కుడి చేత్తో ఎడమ భుజం మీంచి నాణెం వేయాలి. మన రొట్టెల పండగలో కోరిక తీరినోళ్ళు రొట్టె తెచ్చి ఇంకొకరి చేతిలో పెడతారు, మనిషికి మనిషి ఎదురుగా ఉంటాడు, చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఇంటి రొట్టె అని అడిగి తీసుకుంటాం. ట్రెవిలో ఎవరి సెల్ఫీ వాళ్ళది. నాకైతే మన చెరువే నయం. కాకపోతే ఆ నాణేలు వృథా పోవు, సిబ్బంది ఏరి కారితాస్ అనే చారిటీకి ఇస్తారు, ఏడాదికి పది లక్షల యూరోలు దాటిపోతాది, పేదోళ్ళ భోజనాలకీ వాటికీ ఖర్చు పెడతారు. పోవాలంటే తెల్లారుజామున పోండి, పగలు జనం తప్ప ఫౌంటెన్ కనపడదు.

ఆత్మకూరు నుంచి ఒక రైతు: అక్కడి నదికి మన పెన్నలాగా వరదలొస్తాయా?

వచ్చేవి అన్నా. టైబర్ 1870 డిసెంబర్‌లో ఊళ్ళోకొచ్చేసింది, ఆ దెబ్బతో రెండు ఒడ్లా ఎత్తు గోడలు కట్టారు. ఊరు బతికింది గానీ నది కనపడకుండా పోయింది, రోడ్డు మీంచి చూస్తే చెట్లే, నీళ్ళు చూడాలంటే వంతెన ఎక్కాలి, లేదా మెట్లు దిగాలి. పాంథియన్ వెనక మినర్వా చర్చి ముందు గోడకి పాత వరదల గుర్తులు పలకల మీద చెక్కి పెట్టారు, ఏ ఏడు నీళ్ళు యాడిదాకా వచ్చాయో వేలు చూపిస్తా ఉన్న చెయ్యి బొమ్మ. 1598ది నా తల మీద ఎంతో పైన ఉంది. 2021 నవంబర్‌లో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయినప్పుడు నీళ్ళు యాడిదాకా వచ్చాయో మన గోడల మీద ఎవరైనా గుర్తు పెట్టారా? పెట్టుంటే ఇళ్ళు కట్టుకునేవాళ్ళకి పనికొచ్చేది.

సూళ్ళూరుపేట నుంచి ఒక పక్షుల ప్రేమికుడు: జిల్లా మారింది గానీ మీ పాఠకుడినే. అక్కడ పక్షులున్నాయా?

జిల్లా మారితే ఏం, ఫ్లెమింగోలకి జిల్లాలు తెలుసా! చలికాలం సాయంత్రాలు స్టార్లింగ్ పిట్టలు లక్షల్లో వస్తాయి, పగలంతా పొలాల్లో మేసి రాత్రికి ఊళ్ళో చెట్ల మీద పడుకుంటాయి, ఊళ్ళో వెచ్చగా ఉంటాదని. పొద్దుగుంకే వేళ తెర్మిని స్టేషన్ మీద ఆ గుంపు తిరగడం చూస్తే కళ్ళు చాలవు. కిందున్నోళ్ళు మాత్రం వాన లేకపోయినా గొడుగేసుకుని నడుస్తారు, ఎందుకో చెప్పక్కర్లేదుగా. నది పక్క రోడ్డు జారుడు పట్టి బైకులు పడిపోతా ఉంటాయి.

కందుకూరు నుంచి ఒక తల్లి: మా అమ్మాయి అక్కడ చదువుకుంటా ఉంది. మేమిద్దరం పోయి కొన్నాళ్ళుందామనుకుంటున్నాం. ఎన్నాళ్ళు ఉండొచ్చు, ఏ నెలల్లో పోవాలి, పొద్దెట్టా పోతాది?

వదినా, టూరిస్టు వీసా మీద ఏ 180 రోజుల్లో చూసుకున్నా 90 రోజులకి మించి ఉండకూడదు, ఇది ఇటలీ ఒక్కదానికే కాదు, షెంగెన్ అని ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాలన్నిటికీ కలిపి లెక్క. మధ్యలో పారిస్ చూసొస్తే ఆ రోజులు కూడా దీంట్లోవే. వీసాలో ఇచ్చిన రోజులు ఇంకా తక్కువ ఉంటే ఆ తక్కువే లెక్క.

ఆగస్టులో మాత్రం వద్దు. ఎండ మనకి లెక్క కాదులే, కానీ 15వ తేదీ ఫెర్రగోస్తో పండగ, ఆ చుట్టుపక్కల వారాల్లో సగం కొట్లు మూసేసి సముద్రానికో ఊళ్ళకో పోతారు, షట్టర్ మీద చేత్తో రాసిన కాగితం అంటించి. మా వీధిలో కూరగాయలాయన, చెప్పులు కుట్టే ఆయన, బేకరీ, అందరూ ఒకేసారి మాయం. చలికాలం అయితే ఇంట్లో చలి. అపార్ట్‌మెంట్ మొత్తానికి కలిపి హీటింగ్ ఉంటే అది నవంబర్ నుంచి ఏప్రిల్ సగం దాకే, అదీ రోజుకి ఇన్ని గంటలే అని రూలు. అక్టోబర్‌లో చలేస్తే రెండు స్వెట్టర్లేసుకోవడమే. ఏప్రిల్, మే, లేకపోతే సెప్టెంబర్ ఆఖరు మంచిది.

బస్సు టికెట్టు పొగాకు కొట్లో కొనుక్కోవచ్చు, బయట టి అని బోర్డుంటాది. 1.50 యూరో, 100 నిమిషాలు. బస్సెక్కగానే మెషీన్లో పెట్టి టైము కొట్టించుకోవాలి, లేకపోతే టికెట్టు చేతిలో ఉన్నా ఫైనే. 64 నంబర్ బస్సు తెర్మిని నుంచి సెయింట్ పీటర్స్ వైపు పోతాది, జేబుదొంగలకి పేరుమోసిన బస్సు, తాళిబొట్టు గొలుసు లోపలికేసుకో, పాస్‌పోర్టు ఇంట్లో పెట్టి జిరాక్స్ పట్టుకో.

కాఫీ నిలబడి తాగండి, కూర్చుంటే చానా చోట్ల రేటు పెరుగుతాది. వచ్చే కాఫీ రెండు గుక్కలు, మన ఫిల్టర్ కాఫీ ప్రాణానికి ఆనదు, పాలు కావాలంటే కపుచ్చీనో అడుగు, మధ్యాహ్నం తర్వాత అడిగితే ఒకలాగా చూస్తారు, చూడనీలే.

పొద్దు పోవడం అంటావా, చర్చిలే నాకు దిక్కయ్యాయి. సాన్ లూయిజీ దెయి ఫ్రాంచేజిలో కరవాజ్జో అనే పాతకాలం చిత్రకారుడు వేసిన పెద్ద బొమ్మలు మూడున్నాయి, టికెట్టు లేదు. చీకట్లో ఉంటాయి, పక్కన డబ్బాలో నాణెం వేస్తే లైటు వెలుగుతాది, కాసేపటికి ఆరిపోతాది. వేరేవాళ్ళు వేసేదాకా ఆగి ఊరికే చూసేవాళ్ళు ఒక గుంపు, అందులో నేనూ ఉండేదాన్ని. భుజాలు కప్పుకుని పోవాలి, చీర కట్టుకున్నోళ్ళని ఎవరూ ఆపరు. ప్రభుత్వ మ్యూజియాలు నెలలో మొదటి ఆదివారం ఫ్రీ, కొలోసియం కూడా, కానీ ఆ క్యూ చూస్తే తిరుమల సర్వదర్శనం గుర్తొస్తాది, టికెట్టు కొనుక్కుని వేరే రోజు పోవడమే మేలు. ఆరోగ్యం బాగలేకపోతే పచ్చ ప్లస్ లైటున్న మందుల షాపు, ప్రాణం మీదికొస్తే 112.

చెత్త ఒకటి గుర్తుపెట్టుకో, అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు తిట్లు తినకుండా. వంటింటి తడి చెత్త వేరు, కాగితం వేరు, ప్లాస్టిక్కూ డబ్బాలూ వేరు, గాజు వేరు, ఏదీ కానిది వేరు. ఒక్కోదానికి ఒక్కో రంగు. కరివేపాకు రెబ్బ ప్లాస్టిక్ డబ్బాలో కనపడిందంటే అది ఏ ఇంటిదో బిల్డింగ్ మొత్తానికి తెలిసిపోతాది.

ఉలవపాడు నుంచి ఒక అత్తగారు: అల్లుడు రోమ్‌లో ఉంటాడు. మామిడికాయలు, నెయ్యి, మలై కాజా, కోడి పచ్చడి పట్టకపోదామనుకుంటున్నా. ఎయిర్‌పోర్టులో తీసుకుంటారా?

తీసుకుంటారమ్మా, తీసుకుని చెత్తబుట్టలో వేస్తారు. బయటి దేశాల నుంచి పాలతో చేసినవీ మాంసంతో చేసినవీ యూరోపియన్ యూనియన్ లోపలికి రానీరు. అంటే నెయ్యి పోయింది, మలై కాజా పోయింది, కోడి పచ్చడి కూడా పోయింది. చేపలూ రొయ్యలూ అయితే 20 కిలోల దాకా వదులుతారు, కాబట్టి కోడి మానేసి రొయ్యల పచ్చడి పెట్టు, మూత గట్టిగా బిగించి మూడు కవర్లేసి చెక్-ఇన్ పెట్టెలో పెట్టు. చింతపండు, కారప్పొడి, కందిపొడి, అప్పడాలకి నన్నెవరూ ఏమీ అనలా. పచ్చి కరివేపాకూ మామిడికాయలూ సర్టిఫికెట్ లేకుండా పట్టకపోకూడదు, మీ తోటలోవి ఎంత తీపైనా సరే. సర్టిఫికెట్ అక్కర్లేని పళ్ళు ఐదే ఐదు: అనాస, కొబ్బరికాయ, అరటిపండు, ఖర్జూరం, పనసలాగా ముళ్ళుండే డ్యూరియన్. ఇందులో అల్లుడికి ఏది ఇష్టమో కూతుర్ని అడిగి పెట్టె సర్దుకో.